ఎండబిళ్ళ ఎవరి మాట

నేను పరీక్షలో కాపీ కొట్టానని రాశారు. కొట్టలేదు. భౌతికశాస్త్రం జవాబు పత్రం మొదటి పేజీ మీద, నా పేరు పక్కనే, ఎర్ర సిరాతో రెండే రెండు అక్షరాలు: "కాపీ". అప్పటికి నాకు అరవై ఎనిమిదేళ్ళు. ఆ అరవై ఎనిమిదేళ్ళలో నన్ను మొండివాడన్నారు, నోటి దురుసు ఎక్కువన్నారు, ఒకరిద్దరు తిక్కమనిషి అని కూడా అన్నారు. ఆ మూడింటితోనూ నాకు పెద్దగా పేచీ లేదు. దొంగ అని మాత్రం ఎవరూ అనలేదు.

ఈ పొద్దున మా ఇంటి ముందరి రేకుల పంచలో కూర్చుని ఉంటే పోస్ట్‌మ్యాన్ వచ్చి గోధుమరంగు కవరు చేతిలో పెట్టి, సంతకం తీసుకుని వెళ్ళాడు. అంటించిన బంక వాసన ఇంకా పచ్చిగా ఉంది. పై రేకులో మేకు ఊడిపోయిన రంధ్రం ఒకటుంది. వానాకాలం కారుతుంది, కారినా నేను దాన్ని పూడ్చను. అందులోంచి ఎండ జారి కవరు మీద, సరిగ్గా నా పేరు ఉన్నచోట, చిన్న నాణెమంత గుండ్రంగా పడింది. వేలు పెడితే వెచ్చగా తగిలింది. దీన్ని మేము ఎండబిళ్ళ అంటాం. మేము అంటే గూనపెంకుల ఇళ్ళు కప్పేవాళ్ళం. ఈ మాట ఏ పుస్తకంలోనూ లేదట. నా మీద నేరం పడింది ఈ మాట వల్లే. కవరు ఎక్కడి నుంచి వచ్చిందో ముద్ర చూస్తేనే తెలిసింది. నాలుగేళ్ళుగా దాని కోసమే ఎదురుచూసినవాణ్ణి, తీరా వచ్చాక చింపడానికి చేయి రాలేదు. గంటసేపు ఒళ్ళో పెట్టుకుని సరళ మేడం గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను.

నా పేరు పెంటయ్య. నాకంటే ముందు పుట్టిన ఇద్దరు దక్కలేదని, నన్ను పుట్టగానే పెంట మీద పడుకోబెట్టి ఎత్తుకున్నారు. అలా దిష్టి తప్పి బతికాను, పేరు నిలిచిపోయింది. ఐదో తరగతిలో ఉండగా మా నాయన నన్ను బడి మాన్పించి ఇంటి కప్పుల మీదికి ఎక్కించాడు. ఇబ్రహీంపట్నంలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ గూనపెంకుల ఇల్లు ఉందంటే, ఎప్పుడో ఒకప్పుడు దాని వీపు మీద నేను నడిచే ఉంటాను. చదువు మాత్రం వదల్లేదు. చాయ్ హోటల్లో పేపరు పైకి చదివి వినిపించేవాణ్ణి. దుకాణాల బోర్డులు, బస్సుల మీది రాతలు, పొట్లం కట్టిన కాగితాలు, ఏది దొరికితే అది చదివాను. నాకు వచ్చిన నాలుగు ముక్కలకూ గురువు లేడని గర్వంగా చెప్పుకునేవాణ్ణి. ఆ గర్వాన్ని దించింది సరళ మేడం. దించిన పద్ధతి ఎలాంటిదంటే, నేను కిందికి దిగినట్టే తెలియలేదు.

మా ఊళ్ళో ఒక పాత బడి భవనంలో సాయంత్రం పూట కమ్యూనిటీ కాలేజీ అని పెట్టారు. గేటు మీద గుడ్డ కట్టారు: ఫోటోగ్రఫీ, భౌతికశాస్త్రం, రాజనీతిశాస్త్రం; మూడింటికీ పేరు రాసుకోవచ్చు, వయసుతో పని లేదు. మూడింటికీ పేరు రాయించాను గానీ, నాకు కావలసింది ఫోటోగ్రఫీ ఒక్కటే. అప్పటికే కొంగరకలాన్ దాకా చేలన్నీ ప్లాట్లు అవుతున్నాయి, ఊళ్ళలో పెంకుటిళ్ళు కూల్చి స్లాబులు పోస్తున్నారు. మా నాయనా నేనూ కప్పిన ఇళ్ళు పూర్తిగా పోకముందే ఒక్కొక్కదానికి ఫోటో తీసి పెట్టుకోవాలని నా ఆశ. మొదటి రోజే ఫోటోగ్రఫీ సారు అడిగాడు, "కెమెరా ఉన్నదా తాతా?" లేదన్నాను. "ఫోనన్న మంచిది ఉన్నదా?" జేబులోంచి బటన్ల ఫోను తీసి చూపించాను. "మరి దేంతోని తీస్తవ్, కండ్లతోనా?" క్లాసంతా నవ్వింది. నేను లేచి బయటికి నడిచాను.

వరండాలో పక్క గది ముందు ఒకావిడ నిలబడి చీర కొంగుతో మొహం మీది దుమ్ము తుడుచుకుంటోంది. తుర్కయాంజాల్ నుంచి షేర్ ఆటోలో అప్పుడే దిగింది. బక్కపలుచని మనిషి, నలభై దాటి ఉంటాయి. చేతిలో పెద్ద సంచి. అందులో దారం, గుండుసూదులు, అద్దం ముక్క, ఒక భూతద్దం, బిళ్ళల డబ్బాలో సుద్దముక్కలు ఉంటాయని తరువాత తెలిసింది. "ఎటు వోతున్నరు?" అంది. "ఇంటికి. కెమెరా లేనోనికి ఫోటోగ్రఫీ లేదంట." "కెమెరా అంటే ఏమున్నది, ఒక చీకటి డబ్బ, దానికొక సందు. అదే గద. లోపలికొచ్చి కూసోండ్రి." హాజరు పిలుస్తూ నా పేరు చదివినప్పుడు వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె తలెత్తి, "మీ పనేంది?" అని అడిగింది. చెప్పాను. "అయితే మేస్త్రీ అంటం," అని హాజరు పుస్తకంలో నా పేరు పక్కన ఏదో రాసుకుంది. అంతే, ఆ గదిలో నన్ను మళ్ళీ ఎవరూ మరో పేరుతో పిలవలేదు.

ఆమెకొక పద్ధతి ఉండేది. ఎవరు ఏం చెప్పినా, "చూసిన్రా, విన్నరా?" అని అడిగేది. నోటుబుక్కులో ఎడమవైపు అంచు గీయించి, రాసిన ప్రతి మాట పక్కనా ఒక అక్షరం పెట్టించేది. కళ్ళతో చూసింది అయితే "చూ", ఒకరు చెప్పగా విన్నదో చదివిందో అయితే "వి". విన్నది తప్పు అనేది కాదు. "భూమి గుండ్రంగున్నదని నేను గుడ విన్ననే. కాని విన్నదాన్ని చూసినట్టు చెప్పొద్దు. గంతే." మొదటి వారం నా నోటుబుక్కు అంచు నిండా "వి"లే. అరవై ఏళ్ళుగా పోగు చేసుకున్న నా విద్య అంతా విన్నదేనని ఆ అంచు చూస్తే తెలిసింది. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

నా పక్కన కూర్చునేది ఆండాలు. తహసీల్ ఆఫీసు ఎదురుగా జిరాక్స్ దుకాణం నడిపేది. ముప్పై అయిదేళ్ళ మనిషి, నోరు నాకంటే పెద్దది. ఫోటోలు తీయడం నేర్చుకుని దుకాణంలోనే పాస్‌పోర్టు ఫోటోలు మొదలుపెట్టాలని చేరింది. మేడం పేరు సరళ, ఆమె చెప్పిన మొదటి పాఠం కాంతి సరళరేఖలో పోతుందని. రెండూ కలిపి మేడానికి "సరళరేఖ" అని పేరు పెట్టింది ఆండాలే. మేడం చెవిన పడింది. "మంచిదే. వంకర టింకర అనలే గద," అంది.

ఆ మొదటి పాఠం రోజు మేడం మూడు అట్టముక్కలకు రంధ్రాలు పొడిచి, వెనక కొవ్వొత్తి వెలిగించి చూపించింది. మూడు రంధ్రాలూ ఒక్క వరసలో ఉంటేనే వెలుగు కనిపిస్తుంది. నేను ఉండబట్టలేక లేచాను. "మేడం, దీనికి కొవ్వొత్తెందుకు? ఎండబిళ్ళ వెంబడి చెయ్యి లేపుకుంట పోతే సీదా సందుకే తగుల్తది." ఆమె సుద్దముక్క కింద పెట్టింది. "ఎండబిళ్ళ అంటే?" చెప్పాను. మిర్గం కార్తె వానలు రాకముందు గూన సర్దడానికి పిలుస్తారు. ఇంట్లోకి వెళ్ళి తలుపులు మూస్తే, పెంకులు జరిగిన సందుల్లోంచి నేల మీద ఎండ గుండ్రంగా బిళ్ళలు బిళ్ళలుగా పడుతుంది. బిళ్ళ మీద అరచెయ్యి పెట్టి, వెలుగు చేతిలోంచి జారిపోకుండా పైకి లేపుకుంటూ పోయి, అందనంత ఎత్తుకు పోయాక కర్ర అందుకుంటే, కర్ర కొస సరిగ్గా ఆ సందును పొడుస్తుంది. పైనున్నవాడు ఆ పెంకు సర్దుతాడు. "సందు పలిగిన పెంకుది, మూడు మూలలుంటది. బిళ్ళ మాత్రం గుండ్రంగనే పడ్తది. ఇంటి నడుమ ఎత్తు మీది సందు పెద్ద బిళ్ళ వేస్తది, చూరు కాడిది చిన్న బిళ్ళ వేస్తది. సందు సైజుతోని పని లేదు." మేడం అడిగింది, "మేస్త్రీ, ఇది చూసిన్రా, విన్నరా?" "యాభై ఏండ్లు చూసిన." "అయితే మాకు చూపియ్యండ్రి."

ఆదివారం నాడు పదకొండు మందిమీ ఊరి చివర మిగిలిన ఒక పెంకుటింటికి వెళ్ళాం. ఇంటి ముసలమ్మ మమ్మల్ని చూసి, "ఓ పెంటిగా, ఇంతమందిని తోలుకొచ్చినవ్, ఏం పీకుతర్రా?" అంది. ఏమీ పీకమని, కొలుచుకుని పోతామని నచ్చజెప్పాను. మేడం నేల మీద మోకాళ్ళూని, స్కేలుతో ఒక్కొక్క బిళ్ళ అడ్డం కొలిచింది. బిళ్ళ నుంచి సందు దాకా నేనూ ఆండాలూ దారం పట్టుకున్నాం. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని దారం పొడవును బిళ్ళ వెడల్పుతో భాగించింది. ఒకసారి కాదు, ఎనిమిది బిళ్ళలకు. అన్నింటికీ దాదాపు ఒకే లెక్క వచ్చింది, నూటికి కాస్త పైన. ఆమె కాగితం నాకు చూపించింది. "సూర్యుడు ఎంత పెద్దగున్నడో, ఎంత దూరంల ఉన్నడో, ఆ రెండిటికీ గూడ ఇదే లెక్క మేస్త్రీ. ఇది ఎండ మరక కాదు. ప్రతి బిళ్ళ సూర్యుని ఫోటో. మీరు యాభై ఏండ్ల సంది సూర్యుని ఫోటోల మీద చెయ్యి పెట్టుకుంట బతికిన్రు."

అప్పుడు నేను చిన్నతనం దాటాక ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్పాను. చిన్నప్పుడు గ్రహణం పట్టిందని అందరం ఇంట్లో తలుపులు వేసుకుని కూర్చున్నాం. బయటికి చూడొద్దన్నారు, నేను నేలకేసి చూశాను. నేల మీది బిళ్ళలన్నీ కొడవళ్ళు అయిపోయాయి. ఒకటి రెండు కాదు, ఇల్లంతా చిన్న చిన్న కొడవళ్ళు. నాయనకు చెబితే కడుపులో ఏమీ లేక కళ్ళు తిరిగాయన్నాడు. బళ్ళో చెబితే పంతులు చెవి మెలిపెట్టాడు. ఇంక ఎవరికీ చెప్పలేదు. మేడం ఇదంతా విని, "కొడవలి నోరు ఎటు దిక్కుకు ఉండె?" అని మాత్రం అడిగింది. గుర్తు లేదన్నాను. "గుర్తు లేదన్నరు చూడుండ్రి, దానికే నమ్ముతున్న. అబద్ధం చెప్పేటోడు దిక్కు గూడ చెప్తడు," అంది. దాదాపు అరవై ఏళ్ళ కింద చెవి మెలిపెట్టిన నొప్పి ఆ రోజు దిగింది. మరుసటి క్లాసులో ఆమె బోర్డు మీద పెద్ద అక్షరాలతో "ఎండబిళ్ళ" అని రాసి, పాఠం మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.

కెమెరా కూడా చేసి ఇచ్చింది, దానితోనే ఫోటోగ్రఫీ క్లాసుకు మళ్ళీ వెళ్ళాను. చెప్పుల డబ్బాకు లోపల నల్లకాగితం అంటించి, ముందు గుండుసూదితో పొడిచి, వెనక నూనె కాగితం బిగించింది. తల మీద దుప్పటి కప్పుకుని ఆ ముసలమ్మ ఇంటి వైపు పెట్టి చూశాను. నేను కప్పిన కప్పు కింద, ఆకాశం దాని అడుగున, ఇల్లంతా తలకిందులుగా వణుకుతూ నిలబడింది. కప్పును అప్పటిదాకా మీది నుంచి చూశాను, లోపలి నుంచి చూశాను. దాన్ని అలా చేతిలో పట్టుకోవడం అదే మొదలు. నూనె కాగితం మీద పెన్సిల్‌తో గీతలు దిద్దాను. కాగితం తిప్పితే ఇల్లు నిటారుగా వచ్చింది. అలా పంతొమ్మిది ఇళ్ళు దిద్దుకున్నాను. వాటిలో పదహారు ఇప్పుడు లేవు. కాగితాలు ఉన్నాయి.

పరీక్షలో ప్రశ్న ఇది: కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుందని ఒక ఉదాహరణతో నిరూపించండి. అందరూ కొవ్వొత్తి, అట్టముక్కలు రాశారు. నేను ఎండబిళ్ళ రాశాను, గ్రహణం నాటి కొడవళ్ళు రాశాను. చివర, "వెలుతురు వంకరగా పోయేదే అయితే నేను యాభై ఏండ్లు తప్పు పెంకు సర్దేవాణ్ణి" అని రాశాను. నా పక్కన కూర్చున్న ఆండాలు కూడా ఎండబిళ్ళే రాసిందని నాకేం తెలుసు? పత్రాలు దిద్దింది బయటివాళ్ళు. పుస్తకంలో లేని ఒకే మాట, ఒకే బెంచీ మీది రెండు పత్రాల్లో కనిపించేసరికి రెండింటి మీదా ఎర్ర సిరాతో రాసేశారు. దాంతో మూడు కోర్సుల సర్టిఫికెట్లూ ఆగిపోయాయి.

విచారణకు పిలిచారు. బల్ల వెనక కాలేజీ ఇన్‌చార్జి, పక్క కుర్చీలో సరళ మేడం. "ఈ మాట ఎక్కడిది?" అని ఇన్‌చార్జి అడిగాడు. "మా పనిలది." "మరి ఈమెకెట్ల వచ్చింది? ఈమె గూడ పెంకులు కప్పుతదా?" ఆండాలు అందుకుంది. "నాది జిరాక్స్ దుకాణం సార్. కాపీ కొట్టాలంటే ఇంత కష్టపడి చేత్తోని రాస్తనా?" ఇన్‌చార్జి నవ్వలేదు. నేను మేడం వైపు తిరిగాను. "మేడం, మీరు చెప్పుండ్రి." ఆమె నోరు తెరిచేలోపు ఇన్‌చార్జి చెయ్యి అడ్డం పెట్టాడు. "మేడంను అడగాల్సింది మేం అడిగినం. మీరు అడగొద్దు." మేడం తల దించుకుంది. చేతిలోని సుద్దముక్కను బొటనవేలితో నలుపుతూ ఉంది. పొడి ఒళ్ళో రాలింది. ఒక్క మాట మాట్లాడలేదు.

బయటికి వచ్చాక అటెండర్ చెవిలో చెప్పాడు. "మేడమే రాసిచ్చిందట తాతా, ఇద్దరు ఒక్క బెంచి మీదనే కూసున్నరని." ఆ ఒక్క మాటతో నాకు కళ్ళు మండాయి. ఇంటికి వస్తే మా ఇంటావిడ నర్సమ్మ, "ఈ వయసుల బడికి పోతివి, దొంగపేరు మోసుకొస్తివి," అంది. ఎర్ర సిరా రాసినవాడి మీద కోపం ఉంది, కానీ వాడెవడో నాకు తెలియదు. తెలిసిన మనిషి మీది కోపమే నిలబడుతుంది.

నాలుగు రోజుల తరువాత బస్టాండులో మేడం ఎదురైంది. "మేస్త్రీ, ఒక్క మాట," అంటూ దగ్గరికి వచ్చింది. నేను మొహం తిప్పుకుని కదులుతున్న బస్సు ఎక్కేశాను. అది ఎటు పోయే బస్సో కూడా చూడలేదు. యాచారంలో దిగి వెనక్కి రావలసి వచ్చింది. ఆ ఎండాకాలమే ఆమెకు వేరే జిల్లాకు బదిలీ అయింది. వీడ్కోలు సభకు రమ్మని కబురు వచ్చినా నేను వెళ్ళలేదు. మరునాడు ఆండాలు మా ఇంటికి వచ్చింది. "మేడం పోయేటప్పుడు నా దుకాణానికొచ్చింది. నీకొక్క మాట చెప్పుమన్నది తాతా. 'చూసిన్రా, విన్నరా' అని అడుగుమన్నది. గంతే." "ఎక్కిరిస్తున్నదా నన్ను?" "నాకేమెరుక? నేను జిరాక్స్ తీసి ఇస్తున్న. అర్థం నువ్వు తీసుకో."

నేను తీసుకోలేదు. ఆ సంవత్సరం చివర్లో గ్రహణం వచ్చింది. ఈ పంచలోనే, ఈ రేకు కిందే కూర్చున్నాను. మేకు సందు వేసిన బిళ్ళ మెల్లగా ఒకవైపు కొరుక్కుపోయి కొడవలి అయింది. నర్సమ్మను పిలిస్తే లోపలి నుంచే, "గ్రహణంల పిలవకు," అంది. చూపించడానికి ఎవరూ లేరు. చూపించదగ్గ మనిషి ఎక్కడో వేరే జిల్లాలో ఉంది. కొడవలి నోరు ఎటు ఉందో గీసుకుని, అంచులో "చూ" అని పెట్టాను. అలవాటు కొద్దీ పెన్సిల్ కదిలింది గానీ మనసులో కోపం అలాగే ఉంది. ఆ "చూ" దగ్గర పెన్సిల్ ఆగింది. మేడం మౌనంగా కూర్చోవడం నేను చూశాను. ఆమె నాకు వ్యతిరేకంగా రాసిందని మాత్రం విన్నాను, అదీ అటెండర్ నోట, అతను ఇంకెవరి నోటో విన్నది. విన్నదాన్ని చూసినట్టు ఆరేడు నెలలుగా మోస్తున్నాను. ఆమె అడిగి పంపింది అదే. తెలిసింది. అయినా ఫోను చేయలేదు. నిజంగానే ఆమె రాసి ఉంటే? ఆ భయం ముందు నా మొండితనం చిన్నది.

అర్జీలు మాత్రం పెడుతూనే ఉన్నాను. ఎనిమిదేసి పేజీలు రాసేవాణ్ణి. ఎందుకు నన్ను దొంగ అన్నారు, ఏ న్యాయం ప్రకారం అన్నారు, సిగ్గు లేదా అని. జవాబులు వచ్చేవి కావు, వస్తే ఒక్క ముక్క: మీరు కోరినది సమాచారం కిందికి రాదు. ఆండాలు ఒకరోజు నా అర్జీ టైపు చేస్తూ చేస్తూ ఆపేసింది. "రాజనీతి సారు ఏం చెప్పిండు తాతా? సర్కారును ఎందుకు చేసినవ్ అని అడగొద్దు, ఏ కాగితం మీద చేసినవో ఆ కాగితం నకలు ఇయ్యమని అడగాలె అన్నడు. అసలు సంగతి ఇడిసిపెట్టి నువ్వు తిట్లు రాస్తున్నవ్." నిజమే. అదీ మేడం పద్ధతే కదా. వినడం కాదు, చూడడం. జవాబు పత్రం నకలు అడిగాను, దిద్దినవారి నోటు అడిగాను, కూర్చున్న వరసల పటం అడిగాను. లేవన్నారు, దొరకలేదన్నారు, పైవారికి అప్పీలు పెట్టుకొమ్మన్నారు. పెట్టుకున్నాను. చివరి అప్పీలు రోజు ఆండాలు లిస్టు చూసి అంది, "అందరి కాగితాలు అడిగినవ్. మేడం రాసిచ్చింది అడగలే. భయమా?" "అవ్," అన్నాను. ఆమె లిస్టు చివర తనే ఒక వరస టైపు చేసి, సంతకానికి నా ముందుకు తోసింది. "కాపీ కొట్టలేదని చెప్పనీకి ఇన్ని కాపీలు అడిగినోన్ని నిన్నే చూసిన," అంది. సంతకం పెట్టాను.

ఆ అప్పీలుకు జవాబే ఈ పొద్దున వచ్చిన కవరు. ఎండబిళ్ళ నా పేరు మీది నుంచి జరిగి, కవరు దాటి నేల మీదికి దిగాక చింపాను. లోపల రెండు కాగితాలు. మొదటిదాని మీద ముద్రలు, నంబర్లు. సదరు అభ్యర్థి జవాబు పత్రంపై చేసిన "కాపీ" అను వ్యాఖ్యను రద్దు చేయడమైనదని, మూడు కోర్సుల సర్టిఫికెట్లు కార్యాలయంలో తీసుకోవచ్చని. నర్సమ్మకు చదివి వినిపించాను. "ఇప్పటికన్న తెలిసింది," అని కొంగుతో కళ్ళు ఒత్తుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది. నాకు మాత్రం ఆ కాగితంతో ఊపిరి పూర్తిగా దిగలేదు. రెండో కాగితం మేడం చేతిరాతలో ఉంది. తేదీ చూశాను. విచారణకు ఒకరోజు ముందుది. నేను ఆ గదిలో ఆమె వైపు తిరిగి చెప్పుండ్రి అని అడిగేసరికే ఆమె చెప్పేసి ఉంది. ఎడమవైపు అంచు గీసి ఉంది. అంచులో, ఒక్కొక్క వాక్యం పక్కన, నాకు నేర్పిన అక్షరమే.

పని అయిపోయాక కప్పు మీది నుంచి దిగి, నిచ్చెన చివరి మెట్టు దాటి నేల మీద కాలు పెట్టినప్పుడు ఒక నిమ్మళం ఉంటుంది. పడలేదు, బతికాం, ఇల్లు కారదు అన్న నిమ్మళం. అది మోకాళ్ళలో మొదలై పైకి వస్తుంది. ఈ పొద్దున అలా వచ్చింది. మేడం నంబరు ఆండాలు దగ్గర ఉంది. సర్టిఫికెట్ల కంటే ముందు ఆ నంబరు తెచ్చుకుంటాను. గ్రహణం నాడు కొడవలి నోరు ఎటు ఉందో ఆమెకు చెప్పవలసి ఉంది. ఈసారి దిక్కు కూడా గుర్తుంది, అంచులో "చూ" కూడా ఉంది. ఎర్ర సిరా రాసినవాడి మీద కోపం పోయిందా అంటే పోలేదు, పోనివ్వను కూడా. కానీ ఆ రెండో కాగితాన్ని మడిచి పంతొమ్మిది ఇళ్ళ కాగితాల పైన పెట్టుకున్నాను. దాని మీద ఆమె రాసింది ఇది:

"ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్న మాట నిజం, పరీక్ష గదిలో నేనే ఉన్నాను, చూశాను. ఒకరి పత్రంలోకి ఒకరు తొంగి చూడలేదు, అదీ చూశాను. ఎండబిళ్ళ అన్న మాట పుస్తకంలో లేదు. పుస్తకం రాసినవారు గూనపెంకుల ఇల్లు ఎన్నడూ కప్పి ఉండరు. ఆ మాట పెంటయ్య మేస్త్రీది. ఆయన నోట విని, ఆయన వెంట వెళ్ళి కళ్ళారా చూసి, తరువాత క్లాసులో నా పాఠంలాగా చెప్పింది నేను. కాబట్టి ఇందులో కాపీ కొట్టినవారు ఎవరైనా ఉన్నారంటే, అది నేను."